పనిమంతుడి నోటికి పగ్గం ఎవరు వేయాలి?

2012 డిసెంబర్ 23న కంప్యూటర్ అడుగున ఉండి ప్రోగ్రాములన్నిటినీ నడిపించే లైనక్స్ కెర్నెల్‌ను రాసే డెవలపర్లంతా చదివే మెయిలింగ్ లిస్టుకు ఒక మెయిల్ వచ్చింది. రాసింది లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్. కారణం చూడబోతే చిన్నదే. కెమెరా, వీడియో పరికరాల విభాగం చూసుకునే ఒక సీనియర్ డెవలపర్ ఆమోదించిన మార్పు వల్ల ఒకానొక సందర్భంలో కెర్నెల్ ఇచ్చే ఎర్రర్ కోడ్ మారిపోయింది. పాత కోడే వస్తుందనుకుని రాసిన కొన్ని ఆడియో ప్రోగ్రాములు మొరాయించాయి. ఇదేమిటని అడిగితే, తప్పు ఆ ప్రోగ్రాములదే అన్న ధోరణిలో ఆయన జవాబిచ్చారు. కెర్నెల్‌లో ఏం మార్చినా సరే, దాని మీద నడిచే ప్రోగ్రాములు చెడకూడదన్నది టోర్వాల్డ్స్ ఎన్నడూ సడలించని నియమం. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, బూతు కలిపి, నోరు మూసుకొమ్మని రాశారు. అదీ ఏళ్ల తరబడి తనతో కలిసి పనిచేసిన మనిషిని, ప్రపంచమంతా చదివే చోట.

సాంకేతికంగా టోర్వాల్డ్స్ వాదనలో తప్పు పట్టడానికేమీ లేదు. చిక్కంతా అక్కడే ఉంది. పనికిమాలిన వాదన చేసే నోటిదురుసు మనిషిని అదుపు చేయడం ఏమంత కష్టం కాదు. సరైన మాట చెప్పేవాడు, అందరికన్నా ఎక్కువ పని చేసేవాడు, తను లేకపోతే బండి కదలదని అందరితో అనిపించుకున్నవాడు నోరు పారేసుకుంటే ఏం చేయాలి? ఆన్‌లైన్‌లో సాంకేతిక పనులు చేసే స్వచ్ఛంద బృందాలు పదేళ్లకు పైగా తంటాలు పడుతున్నది ఈ ప్రశ్నతోనే. మర్యాద నియమావళి రాసుకోవడం ఒక పూట పని. అది నిలుస్తుందో లేదో తేలేది మాత్రం అందరికన్నా ఎక్కువ ఉపయోగపడే మనిషి దాన్ని మీరిన రోజున.

జీతం ఇవ్వని చోట యజమాని ఉండడు

ఈ బృందాలు ఎలా నడుస్తాయో ముందు కొంచెం చెప్పుకోవాలి. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున నడుస్తున్నది లైనక్స్ కెర్నెలే. 1991 ఆగస్టులో హెల్సింకీ యూనివర్సిటీలో చదువుతున్న 21 ఏళ్ల కుర్రాడు, సరదాకి రాసుకుంటున్నానంటూ ప్రకటించిన ప్రోగ్రామ్ అది. ఇవాళ తొమ్మిది పది వారాలకొక కొత్త వెర్షన్ వస్తుంది. ఒక్కో వెర్షన్‌లో పదిహేను వందల మందికి పైగా చేయి ఉంటుంది. ఎక్కడో బెంగళూరులో కూర్చున్న డెవలపర్ ఒక లోపాన్ని సరిచేస్తే ఆ మార్పును, అంటే ప్యాచ్‌ను, మెయిల్‌లో పంపిస్తారు. ఆ విభాగం చూసుకునే మెయింటెయినర్ దాన్ని చదివి తప్పులుంటే చెబుతారు, బాగుంటే తీసుకుంటారు. విభాగాల నుంచి పోగైన మార్పులన్నీ చివరికి టోర్వాల్డ్స్ దగ్గరికి చేరతాయి.

వీళ్లలో చాలామందికి ఇంటెల్, గూగుల్, రెడ్ హ్యాట్ లాంటి కంపెనీలు జీతాలిస్తున్న మాట నిజం. సొంత సమయంలో చేసేవాళ్లూ ఉన్నారు. ఎవరైనా సరే, తమ మెయింటెయినర్‌కు ఉద్యోగులు కారు. కంపెనీలో మేనేజర్ కసురుకుంటే హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లొచ్చు. వెళ్లినా లాభం లేదని మీరనవచ్చు గానీ, వెళ్లడానికి ఒక గది, ఒక మనిషి అంటూ ఉన్నారు. ఇక్కడ అదీ లేదు. ఇంక్రిమెంట్ ఆపేవారు లేరు, బదిలీ చేసేవారు లేరు. రాసే హక్కు ఇవ్వడం, ఆపడం తప్ప బృందం చేతిలో మరో ఆయుధం లేదు. మనసు విరిగిన మనిషి రాజీనామా పత్రం కూడా ఇవ్వరు. రావడం మానేస్తారు, అంతే.

కటువు మాట ఇక్కడే ఎందుకింత పెరుగుతుందంటే కారణాలు కొంత మనుషుల్లో, కొంత పనిలో ఉన్నాయి. మెయింటెయినర్‌కు రోజూ వందల మెయిళ్లు వస్తాయి. ఒకే తప్పు పదిసార్లు కనిపిస్తే పదకొండోసారి మాట తూలుతుంది. రాతలో గొంతు వినపడదు, ముఖం కనపడదు. చర్చంతా బహిరంగం కాబట్టి తగ్గితే చులకనైపోతామన్న పంతం ఒకటి. వీటన్నిటికీ తోడు, తెలివైనవాడికి కాస్త తిక్క ఉండటం మామూలేనన్న భక్తి కూడా ఈ రంగంలో చాలాకాలం నడిచింది. నా దృష్టిలో అసలు చెడుపు చేసింది ఈ చివరిదే.

తిట్టు తిన్నవాళ్లకు ఇందులో మరో బాధ ఉంది. ఆఫీసులో తిట్టిన తిట్టు సాయంత్రానికి గాలిలో కలుస్తుంది. మెయిలింగ్ లిస్టులో తిట్టు అలా కాదు, శాశ్వతంగా భద్రపడుతుంది. పదేళ్ల తర్వాత ఎవరో ఆ పేరు పెట్టి వెతికినా మొదట కనపడేది అదే కావచ్చు. చూసినవాళ్ల లెక్క వేరే. గిట్‌హబ్ సంస్థ 2017లో ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి మార్చగల కోడ్) పనివారిని సర్వే చేస్తే సుమారు 5,500 మంది జవాబిచ్చారు. చేదు అనుభవం తమకే ఎదురైందన్నవారు 18 శాతం. ఇతరుల మధ్య అలాంటిది జరగడం చూశామన్నవారు 50 శాతం. అనుభవించిన, చూసిన వారిలో 21 శాతం మంది ఆ ప్రాజెక్టుకు పనిచేయడమే మానేశామన్నారు. ఒకరిని కొడితే పక్కనున్న పదిమంది లేచిపోతారన్నమాట. వాళ్లలో ఎవరు పెద్ద పనిమంతులయ్యేవారో మనకెప్పటికీ తెలియదు. పోయినవారి కోడ్ ఎక్కడా కనపడదు కాబట్టి, ఉన్నవారి కోడ్ చూసి అంతా సవ్యంగానే ఉందనుకుంటాం.

రెండు జవాబులు

మర్యాద నియమం అనగానే, ఇక తప్పును తప్పని చెప్పకూడదా, అంతా తీయగా మాట్లాడాలా అని చాలామంది డెవలపర్లు భయపడతారు. ఈ భయాన్ని తీసిపారేయకూడదు. కెర్నెల్‌లో ఒక లోపం వదిలేస్తే కోట్ల ఫోన్లలో అది కూర్చుంటుంది. కాబట్టి కచ్చితంగా చెప్పితీరాలి. తేడా ఎక్కడుందో ఒక ఉదాహరణలో చూద్దాం. కొత్తగా చేరిన అమ్మాయి ఒక ప్యాచ్ పంపింది. అందులో మెమొరీ అడిగి తీసుకున్నారు, మధ్యలో ఎర్రర్ వస్తే దాన్ని తిరిగి ఇవ్వకుండానే బయటికి వచ్చేస్తున్నారు. దీనికి ఒక జవాబు: 'కోడ్ రాయడం రానివాళ్లంతా ఇక్కడికెందుకు వస్తారో అర్థం కాదు. పంపేముందు ఒక్కసారైనా చదివావా?' ఇంకో జవాబు: 'ఎర్రర్ వచ్చిన దారిలో మెమొరీని విడుదల చేయడం లేదు. పరికరాన్ని పదే పదే పెట్టి తీస్తే మెమొరీ కారిపోతూనే ఉంటుంది. ఇలా ఉండగా దీన్ని తీసుకోను. విడుదల చేసే వరుసను ఫంక్షన్ చివర ఒకేచోట పెట్టి, రెండో వెర్షన్ పంపండి.'

రెండో జవాబులో పొగడ్త లేదు, బుజ్జగింపు లేదు. తీసుకోనని మొహం మీదే చెప్పారు. చెప్పాలంటే సాంకేతికంగా రెండోదే కఠినమైనది. మొదటిదాంట్లో తప్పేమిటో చెప్పనే లేదు. తిట్టినవారికి నిజంగా తప్పు కనపడిందా, ఊరికే విసుగులో అన్నారా అన్నది కూడా తెలియదు. మంచి నియమావళి అడిగేది ఇంతే: కోడ్‌ను ఎంతైనా అనండి, రాసిన మనిషిని అనకండి.

ఈ తేడాను టోర్వాల్డ్స్ చాలాకాలం ఒప్పుకోలేదు. 2013 జులైలో, లైనక్స్‌కు యూఎస్‌బీ 3.0 డ్రైవర్ రాసిన ఇంటెల్ ఇంజినీర్ సేజ్ షార్ప్ ఆయన్ను బహిరంగంగా నిలదీశారు. తిట్లు, బెదిరింపులు లేకుండా పని జరగదా అని అడిగారు. టోర్వాల్డ్స్ జవాబు ఆ రోజుల్లో బాగా ప్రచారమైంది. తను ఇంట్లో బాత్‌రోబ్ వేసుకుని కూర్చుని పనిచేసే మనిషినని, ఆఫీసు పద్ధతులంటూ టై కట్టుకోనట్టే దొంగ మర్యాదలూ తన వల్ల కావని ఆయన మాటల సారాంశం. మనసులో ఒకటి పెట్టుకుని నవ్వుతూ వెన్నుపోటు పొడిచే ఆఫీసు రాజకీయం కన్నా ముక్కుసూటి తిట్టే నయమన్న వాదన అది. వినడానికి బాగానే ఉంటుంది. మన దగ్గర కూడా, ఆయన నోరు అంతే గానీ మనసు వెన్న అని ఎందరిని వెనకేసుకురాలేదు? కాకపోతే ఆ ముక్కుసూటితనం పై నుంచి కిందికే పారుతుంది. కొత్త కుర్రాడు టోర్వాల్డ్స్‌తో అదే భాషలో మాట్లాడితే రెండో ప్యాచ్ ఎవరూ చూడరు.

2015 మార్చిలో కెర్నెల్‌కు ఒక చిన్న నియమపత్రం వచ్చింది. మీ కోడ్‌ను విమర్శిస్తారు, అది ఈ పనిలో భాగమే, విమర్శ హద్దు దాటి వ్యక్తిగతంగా నొప్పించిందనిపిస్తే లైనక్స్ ఫౌండేషన్ సాంకేతిక సలహా మండలికి చెప్పండి, వాళ్లు పరిష్కరించడానికి చూస్తారు. ఇంచుమించు ఇంతే అందులోని సంగతి. ఏది హద్దు అన్నది రాయలేదు. చెబితే ఏం జరుగుతుందో రాయలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఫిర్యాదు టోర్వాల్డ్స్ మీదే అయితే ఎవరేం చేయగలరన్నది ఎవరికీ తెలియదు. అదే ఏడాది అక్టోబర్‌లో, తాను కెర్నెల్ పని నుంచి తప్పుకున్న సంగతిని సేజ్ షార్ప్ వెల్లడించారు. సాంకేతికంగా గౌరవం ఉన్నా మనిషిగా గౌరవం దొరకని చోట పనిచేయలేనన్నది వారు చెప్పిన కారణం. లైనక్స్‌కు యూఎస్‌బీ 3.0 తెచ్చిన చేయి అది.

2018 సెప్టెంబర్ 16

ఆ ఆదివారం టోర్వాల్డ్స్ 4.19 వెర్షన్‌కు సంబంధించిన మామూలు ప్రకటన పంపుతూ, కింద ఎవరూ ఊహించని మాటలు రాశారు. కోపంలో తను చేసిన దాడులు వృత్తికి తగినవి కావని, అనవసరమైనవని, వాటివల్ల బాధపడి కెర్నెల్ పనినే వదిలేసినవారికి క్షమాపణ చెబుతున్నానని అన్నారు. ఎదుటివారి మనసు ఎలా ఉంటుందో అర్థం చేసుకోవడానికి సాయం తీసుకుంటానని, కొన్నాళ్లు పక్కకు తప్పుకుంటున్నానని చెప్పారు. గ్రెగ్ క్రో హార్ట్‌మన్ ఆ వెర్షన్ బాధ్యత తీసుకున్నారు. టోర్వాల్డ్స్ అక్టోబర్‌లో తిరిగి వచ్చారు. మధ్యలో ఆకాశమేమీ విరిగి పడలేదు, 4.19 అక్టోబర్ 22న విడుదలైంది. ఆయన లేకపోతే బండి కదలదన్నది నిజమా అన్న ప్రశ్నకు ఆ కొద్ది వారాలే జవాబు.

అదే సమయంలో పాత నియమపత్రం తీసేసి కొత్త ప్రవర్తనా నియమావళి పెట్టారు. దాని మూలం కోరలైన్ ఎడా ఎంకీ అనే డెవలపర్ 2014లో రాసిన 'కంట్రిబ్యూటర్ కవనెంట్'. వేల ప్రాజెక్టులు దీన్నే తమ నియమావళిగా పెట్టుకున్నాయి. కెర్నెల్‌లో దాన్ని తెచ్చిన పద్ధతి మాత్రం బాగోలేదని నా అభిప్రాయం. ముందుగా అందరితో చర్చించకుండా, కొద్దిమంది పెద్దల సంతకాలతో ఒక్కసారిగా దించారు. తమను అడగని నియమాన్ని తమ మీద రుద్దారన్న కోపం మంచివాళ్లలో కూడా కలిగింది. తమ కోడ్‌ను వాడుకునే హక్కును వెనక్కి తీసుకోవచ్చంటూ కొందరు రాశారు. అదేదీ జరగలేదు గానీ, సందేహాలు తీర్చడానికి నియమాలను ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే వివరణ పత్రం ఒకటి అక్టోబర్‌లో విడిగా చేర్చాల్సి వచ్చింది. ఫిర్యాదులు వినడానికి సంఘం ఏర్పడింది. మధ్యవర్తిగా భారతీయ న్యాయవాది మిషి చౌదరిని పెట్టారు. ఢిల్లీలోని ఎస్‌ఎఫ్‌ఎల్‌సీ డాట్ ఇన్ సంస్థను స్థాపించింది ఆమే. కోడ్ రాసేవారి గొడవలో కోడ్ రాయని మనిషిని మధ్యవర్తిగా పెట్టడం చిన్న విషయం కాదు. ఎవరి ప్యాచ్ తీసుకున్నా, తీసుకోకపోయినా ఆమెకు వచ్చేదీ పోయేదీ ఏమీ ఉండేది కాదు.

మరి టోర్వాల్డ్స్ మారారా? కొంత మారారు. 2025 ఆగస్టులో రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ల విభాగం నుంచి ఆలస్యంగా వచ్చిన మార్పులను చెత్త అంటూ తిప్పికొట్టారు. ఎందుకు చెత్తో కూడా విడమరిచి చెప్పారు. ఘాటు తగ్గలేదు, కానీ ఘాటంతా కోడ్ మీదే పడింది. నియమం ఆశించేది సాధువులను తయారు చేయడం కాదు కదా.

అసలు పరీక్ష 2024లో వచ్చింది. బీక్యాష్‌ఎఫ్‌ఎస్ అనే కొత్త ఫైల్ సిస్టమ్‌ను దాదాపు ఒంటిచేత్తో రాసిన డెవలపర్, మెమొరీ కేటాయింపు మీద జరిగిన చర్చలో మరో సీనియర్‌ను తల పరీక్ష చేయించుకొమ్మంటూ బూతు మాటలన్నారు. బహిరంగంగా క్షమాపణ చెప్పమని సంఘం అడిగింది. ఆయన చెప్పలేదు. నవంబర్‌లో, 6.13 వెర్షన్ తయారయ్యేంతవరకు ఆయన నుంచి మార్పులు తీసుకోకూడదని నిర్ణయించారు. సలహా మండలి దాన్ని ఆమోదించింది. దాదాపు అదే సమయంలో, ఫిర్యాదు వస్తే ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు అన్నది కూడా పత్రంలో రాతపూర్వకంగా చేరింది. శిక్ష పెద్దదేమీ కాదు, ఒక వెర్షన్ కాలం. నష్టం మాత్రం అందరికీ తగిలింది. ఆయనకు, సంఘానికి, ఆ ఫైల్ సిస్టమ్ మీద ఆశ పెట్టుకున్న వాడకందార్లకు. తర్వాత పని పద్ధతుల మీద వేరే గొడవలు ముదిరి, 2025లో బీక్యాష్‌ఎఫ్‌ఎస్‌ను కెర్నెల్ నుంచే తీసేశారు. మర్యాద నియమం ఖర్చు లేకుండా అమలవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఖర్చవుతుందని తెలిసీ అమలు చేసినప్పుడే మిగతావారు దాన్ని నియమంగా గుర్తిస్తారు.

నియమం ఎదురు తిరిగితే

ఇదంతా చదివి నియమం ఉంటే చాలనుకోవడం పొరపాటు. నియమం చేతిలో ఉన్నవారే గీత దాటిన సందర్భాలు ఉన్నాయి. 2019 సెప్టెంబర్‌లో ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సంస్థ స్టాక్ ఓవర్‌ఫ్లో, జీతం లేకుండా ఏళ్ల తరబడి పనిచేసిన ఒక స్వచ్ఛంద మోడరేటర్‌ను తొలగించింది. ఆరోపణేమిటంటే, ఇంకా అమల్లోకి రాని ఒక నియమం విషయంలో ఆమె ప్రవర్తన. వ్యక్తులను ఏ సర్వనామంతో పిలవాలన్నది ఆ నియమం. ఆమె కొన్ని ప్రశ్నలు అడిగారు. సరైన హెచ్చరిక లేదు, సంజాయిషీకి తావు లేదు, పై విచారణ లేదు. కంపెనీ ప్రతినిధి విషయాన్ని పత్రికలకు కూడా ఎక్కించారు. నిరసనగా ఎందరో మోడరేటర్లు బాధ్యతలు వదులుకున్నారు. కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. డిసెంబర్‌లో ఆమెతో రాజీ కుదుర్చుకుంది. ఆ నియమం మంచిదే కావచ్చు. ఎదుటివారిని వారు కోరినట్టు పిలవడంలో మన సొమ్మేం పోతుంది? కానీ మర్యాద పేరుతో ఒక మనిషిని అమర్యాదగా పంపించేశారు. ఆరోపణకు గురైన మనిషి మాట వినని నియమావళి, తిట్లకు తావిచ్చే చోటు కన్నా ఏమంత మేలు?

రస్ట్ ప్రోగ్రామింగ్ భాష బృందం కథ దీనికి రెండో పక్క. నియమావళి విషయంలో ఆ బృందానికి మొదటి నుంచీ మంచి పేరుంది. అయినా 2021 నవంబర్ 22న అక్కడి మోడరేషన్ బృందం మొత్తం ఒకేసారి రాజీనామా చేసింది. అందరి మీదా చెల్లే నియమం పైనున్న కోర్ బృందం మీద చెల్లడం లేదని, ఆ బృందం తనకు తాను తప్ప ఎవరికీ జవాబుదారీ కాదని వారి ఫిర్యాదు. ఆ తర్వాత రస్ట్ తన పాలనా పద్ధతినే తిరగరాసుకోవాల్సి వచ్చింది. 2023లో కొత్త నాయకత్వ మండలి ఏర్పడింది.

ఇప్పటిదాకా పెద్దలు కొత్తవారిని అన్న మాటల గురించే చెప్పాను. మాట దెబ్బ కింది నుంచి పైకి కూడా తగులుతుంది. అది ఎంత ప్రమాదమో 2024లో లోకానికి తెలిసింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ దాదాపు ప్రతి లైనక్స్ యంత్రంలోనూ ఉంటుంది. దాన్ని ఏళ్లుగా ఒకే ఒక్క మనిషి, జీతం లేకుండా, తీరిక సమయంలో చూసుకుంటూ వచ్చారు. 2022లో కొన్ని ఖాతాల నుంచి ఆయనకు విసురు మెయిళ్లు మొదలయ్యాయి. ప్యాచ్‌లు ఏళ్లు గడిచినా తీసుకోరా, ఆసక్తి లేకపోతే వేరేవాళ్లకు అప్పగించవచ్చుగా అని. తనకు మానసిక ఆరోగ్య సమస్యలున్నాయని, ఇది డబ్బులు రాని సరదా పని అని గుర్తుంచుకొమ్మని ఆయన బతిమాలినట్టు రాశారు. ఒత్తిడి ఆగలేదు. చివరికి ఎంతో ఓపికగా, మర్యాదగా సాయం చేస్తూ వచ్చిన మరో ఖాతాకు సహ మెయింటెయినర్ హక్కులిచ్చారు. 2024లో ఆ ఖాతా నుంచే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి చేరింది. మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ దాన్ని బయటపెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీస్తూ పోతే దొరికింది. విసురు మెయిళ్లు రాసిన ఖాతాలు కూడా ఆ పన్నాగంలో భాగమైన నకిలీవేనని భద్రతా నిపుణుల అంచనా.

ఈ ఉదంతంలో నాకు రెండు విషయాలు కనిపిస్తాయి. మెయింటెయినర్‌ను వాడకందార్ల దురుసు నుంచి కాపాడటం కూడా మర్యాద నియమం పనే. ఉచితంగా వాడుకుంటూ గద్దించే హక్కు ఎవరికీ లేదని బృందం ఆయన పక్కన నిలబడి చెప్పాలి. అక్కడ అలా చెప్పడానికి రెండో మనిషే లేరు. ఇక రెండోది, తియ్యగా మాట్లాడినవారంతా మంచివారు కారు. దొంగదారి పెట్టిన ఖాతా మర్యాదకు మారుపేరులా ఉండేది. అందుకే నియమం మనిషి స్వభావాన్ని తూచకూడదు, చేసిన పనిని చూడాలి.

మన బృందాల సంగతి

తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది. అక్కడ అందరూ కలిసి మాట్లాడుకునే పేజీ పేరు రచ్చబండ. వికీపీడియా మూలసూత్రాల్లో మర్యాద మొదటి నుంచీ ఉంది. ఎదుటివారు మంచి ఉద్దేశంతోనే చేశారనుకోవాలి, కొత్తవారిని కరవకూడదు అన్న మాటలు వికీల్లో తరచూ వినపడేవే. 2020 డిసెంబర్‌లో వికీమీడియా ఫౌండేషన్ బోర్డు అన్ని భాషల వికీలకూ వర్తించే సార్వత్రిక ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది. స్థానికంగా అమలు కుదరని చోట చూసుకోవడానికి 2024లో ఎన్నికలు పెట్టి ఒక సమన్వయ సంఘాన్ని కూడా వేశారు. ఇంగ్లిష్ వికీకి దాని అవసరం ఎంతో గానీ, మనలాంటి చిన్న భాషల బృందాలకు ఉంది. గొడవపడ్డ ఇద్దరికీ, తీర్పు చెప్పాల్సిన మూడో మనిషికీ ఏళ్లుగా స్నేహం ఉంటుంది. ఫిర్యాదు ఎవరి మీదో, దాన్ని వినేదీ వారే కావచ్చు.

తెలుగు ఫాంట్లు, అనువాదాలు, వికీలు, కోడింగ్ నేర్పే టెలిగ్రామ్, వాట్సాప్ బృందాలు ఎన్నో నడుస్తున్నాయి. వీటిలో బూతులు తక్కువే. మన దురుసు వేరే దారిన వస్తుంది. పెద్దాయన గద్దిస్తే ప్రేమతోనే అన్నారని సర్దిచెబుతారు. పరిచయం లేని కుర్రాణ్ని మొదటి మెసేజ్‌లోనే ఏకవచనంలో పిలుస్తారు. బీటెక్ మొదటి ఏడాది విద్యార్థి అడిగిన ప్రశ్నకు, 'గూగుల్ చేసుకోవడం కూడా రాదా?' అన్నది జవాబు. ఒక అమ్మాయి సందేహం అడిగితే జవాబు బృందంలో కాకుండా ఆమె ఇన్‌బాక్స్‌లో పడుతుంది, అదీ సందేహానికి సంబంధం లేని మాటలతో. వీటి మీద ఫిర్యాదులు రావు. 'సార్‌కు ఎదురు చెప్పడమెందుకు' అని బృందం నుంచి మెల్లగా తప్పుకుంటారు. ఎవరో ఎగ్జిట్ అయ్యారని స్క్రీన్ మీద చిన్న అక్షరాల్లో కనపడితే ఎవరూ ఎందుకని అడగరు.

అందుకే అందరూ మర్యాదగా మెలగాలి అన్న ఒక్క వాక్యంతో పని కాదు. అది ఎవరికీ అభ్యంతరం లేని వాక్యం, కనుక ఎవరినీ ఆపని వాక్యం. మన బృందంలో నిజంగా జరుగుతున్న పనుల పేర్లు రాయాలి: తెలియనివారిని మీరు అనే పిలవాలి, అడగకుండా పర్సనల్ మెసేజ్ పెట్టకూడదు, ప్రశ్న పాతదైతే లింక్ ఇవ్వాలి లేదా ఊరుకోవాలి, వెటకారం ఆడకూడదు. వీటితోపాటు ఏది తప్పు కాదో కూడా రాయాలి. ప్యాచ్ తిప్పికొట్టడం తప్పు కాదు, వాదనలో విభేదించడం తప్పు కాదు, తీరిక లేదని చెప్పడం తప్పు కాదు. ఇది రాయకపోతే, కోడ్‌లో తప్పు చూపినప్పుడల్లా అవమానం జరిగిందనేవారు తయారవుతారు.

ఫిర్యాదు వినడానికి ఇద్దరు ఉండాలి, వీలైతే ఒకరు మహిళ. ఒకరి మీద ఫిర్యాదు ఉంటే రెండోవారికి పంపుకునే వీలుంటుంది. అందిందన్న సంగతి రెండు మూడు రోజుల్లో చెప్పాలి, ఆరోపణ ఎదుర్కొంటున్నవారి మాట తప్పకుండా వినాలి. శిక్షలు మెట్లుగా ఉండాలి. 2019లో వచ్చిన కంట్రిబ్యూటర్ కవనెంట్ రెండో రూపం నాలుగు మెట్లు చెప్పింది: చాటుగా చెప్పి దిద్దడం, హెచ్చరించడం, కొంతకాలం ఆపడం, పూర్తిగా పంపడం. నా అనుభవంలో చాలా గొడవలు మొదటి మెట్టు మీదే చల్లారతాయి, పెద్దవారు వేరేగా ఫోన్ చేసి ఒక మాట చెబితే. మొదటిసారి నోరు జారిన మనిషిని నలుగురిలో నిలబెట్టడం వల్ల ఆయన పంతం పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. అలాగని బెదిరింపులకూ, లైంగిక వేధింపులకూ ఈ ఓపిక వర్తించదు. అక్కడ మొదటి మెట్టే చివరి మెట్టు కావాలి. బృందం చేతికి మించినదైతే చట్టం ఉంది.

ఈ ముసాయిదాను అడ్మిన్లు నలుగురూ కూర్చుని ఒక రాత్రిలో పెట్టేయొద్దు. పదిహేను రోజులు అందరి ముందూ ఉంచండి. కెర్నెల్‌లో ఆ పని ముందే చేసి ఉంటే తర్వాతి రభసలో సగం తగ్గేది.

మీరు ఇలాంటి బృందమేదైనా నడుపుతుంటే ఈ వారమే మీ నియమాలు తీసి చూడండి. ఫిర్యాదు ఎవరికి పంపాలో పేరు పెట్టి రాసి ఉందా? ఆ ఫిర్యాదు మీ మీదే అయితే ఎక్కడికి పంపాలో ఉందా? లేకపోతే మిగతా వాక్యాలు తర్వాత దిద్దుకోవచ్చు. ముందు మీరు కాని మరో మనిషి పేరు అందులో చేర్చండి.